మీ రేడియో గొంతు తగ్గించండి

ఇల్లు, నాలుగో అంతస్తు

వసపిట్టా,

ఆ రోజు పొద్దున మీ అక్క నాకంటే ముందే లేచింది. ఆసుపత్రిలో కూడా ఆ పోటీ మానలేదు. కాఫీ అడిగింది. ఇవ్వకూడదని నర్సు చెప్పింది. వాదించి ఓడిపోయింది. మీ అక్క వాదనలో ఓడిపోవడం నేను చూడటం అదే మొదలు. దువ్వెన అడిగి జుట్టు సరిచేసుకుంది. రేడియోలో మాట్లాడేదానికి జుట్టెందుకని ఇంట్లో రోజూ అడిగేవాణ్ణి. ఆ రోజు అడగలేదు.

నీ ప్రోగ్రాం వేళకి ఫోన్ అందుకుంది. పక్క మంచం ఆయన దిండు దగ్గర చిన్న రేడియో మోగుతోంది. వెళ్ళి కాసేపు ఆపమన్నాను. ఎందుకన్నాడు. ఈల వస్తుందండీ అన్నాను. అర్థం కాకపోయినా ఆపాడు. నీకు రేడియో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో నా పని అదే కదా. ఆవిడ నీకు ఫోన్ కలపగానే నేను రేడియో ఆపాలి. లేకపోతే ఆవిడ మాట రేడియోలోంచి తిరిగొచ్చి ఫోన్లో దూరి ఈల వేస్తుంది. నువ్వు "మేడమ్, మీ రేడియో గొంతు తగ్గించండి" అంటావు. అందుకని ఇన్నేళ్ళూ ఆవిడ సగమే విన్నాను. నీ సగం ఒక్కరోజూ వినలేదు. పెద్ద నష్టమని ఎప్పుడూ అనిపించలేదు.

"ఎవరైనా ఉన్నారా?" అంది. మామూలుగా మొదలుపెట్టే మాటే. కాసేపాగి, "ఉన్నారన్నమాట, సంతోషం" అంది. ఫోన్లోంచి సన్నగా ఏదో పాట వినిపిస్తోంది. కొత్త ప్రకటన కాబోలు అనుకున్నాను. తర్వాత మా నీళ్ళ ఆఫీసు మీద పడింది. మూడో సందుకి నీళ్ళు రావడం లేదంది. వచ్చే రోజున ఏ రంగులో వస్తాయో ముందుగా చెబితే ఆ రంగు బట్టలే నానబెట్టుకుంటామంది. నవ్వింది. నువ్వు కూడా ఏదో అని ఉంటావు, ఇంకోసారి నవ్వింది. మధ్యలో "అదా, ఫ్రిజ్ లెండి, పాతది" అంది. మంచం పక్కన మిషన్ టిక్కుటిక్కుమంటోంది. తర్వాత చాలాసేపు వింది. నావైపు చూసింది. "ఆయనకి తెలుసు" అంది. "సరే, ఉంటాను" అని ఫోన్ నా చేతికిచ్చింది.

మధ్యాహ్నం పేపరు చదివి వినిపించాను. పాఠకుల పేజీలో ఎవరో మా ఆఫీసుని తిట్టారు. ఆవిడకి నచ్చుతుందని అది మొదలుపెట్టాను. సగంలో వినడం మానేసింది. నేను చివరిదాకా చదివాను.

అంతే. పరీక్షలకి వెళ్తున్నామని మాత్రమే నీకు చెప్పమంది. నిజం చెబితే నీ ప్రోగ్రాం పాడవుతుందంది. నువ్వు మర్నాడు వచ్చావు. మనిద్దరి మధ్య కూచుని మాట్లాడే మనిషి లేదు గనక ఇద్దరం గోడ గడియారం చూస్తూ కూచున్నాం. ఆ గడియారం నడవడం లేదని నువ్వు వెళ్ళాక గమనించాను.

ఇప్పుడు నా ప్రశ్న. "ఆయనకి తెలుసు" అనే ముందు నువ్వేమడిగావు? నాకేం తెలుసని ఆవిడ చెప్పింది? నాకు తెలిసినవన్నీ ఒకటొకటిగా తీసి చూశాను. మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలుసు. తన కళ్ళజోడు ఎక్కడ పెడుతుందో తెలుసు. ఏదీ సరిపోవడం లేదు.

ఫోన్ చేసి అడగొచ్చుగా అంటావు. నచ్చని ఫోన్ని నువ్వెంత మర్యాదగా కోస్తావో మీ అక్క చెప్పేది. ఉత్తరాన్ని మధ్యలో కొయ్యలేవు. పైగా ఈ ఇంట్లో ఫోన్ ఆవిడది. నాకు చేతకాదు.

కొత్తలో నీకు ఒక్కరూ ఫోన్ చెయ్యకపోతే, తమ్ముడి పరువు పోకూడదని ఆవిడే ముక్కూమొహం తెలియని శ్రోతలా ఫోన్ చేసింది. "నాలుగో అంతస్తు ఆవిడ" అని నువ్వే పేరు పెట్టావు. ఆవిడ నీ తోడబుట్టిందని మీ స్టేషన్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదనుకుంటాను. ఆ గుట్టు నీ దగ్గరే ఉండనీ. నాకు కావలసింది ఒక్క ప్రశ్న. రాసి పంపు.

నీ బావ


స్టేషన్, కొత్త గాజు గది

బావా,

నీ ఉత్తరం అందింది. మా గేటు దగ్గర మనిషి దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "సార్, ఎవరో చేత్తో రాశారు, కోర్టు వ్యవహారమా?" అన్నాడు. బావగారి వ్యవహారం అన్నాను. "అయితే కోర్టే నయం సార్" అన్నాడు.

అక్క సంగతి చదివాను. రెండోసారి చదవలేదు. ఇలాంటి చోట నేనేం చేస్తానో నీకు తెలుసు. ఒక ప్రకటన వేసి, ఎక్కడికీ వెళ్ళకండి, ఇప్పుడే వచ్చేస్తాను అంటాను.

కాబట్టి ఇక్కడి కబుర్లు. స్టేషన్ చేతులు మారింది. కొత్త యజమానులు ఒక సలహాదారుణ్ణి పంపారు. స్టేషన్‌కి కొత్త పేరు, కొత్త మొహం పెట్టడం ఆయన పని. మేం బ్రాండాయన అంటున్నాం. మొదటిరోజు అందర్నీ కూచోబెట్టి, "మీ స్టేషన్ ఒక మనిషైతే ఎలాంటి మనిషి?" అని అడిగాడు. మా వార్తలావిడ, "నెలాఖరు మనిషండీ" అంది. ఆయన అది కూడా రాసుకున్నాడు.

"పదిమంది మాట" అన్న పేరు పాతబడిందట. పదిమంది అంటే గుంపు, గుంపంటే చెమట వాసన అన్నాడు. చాలా రోజులు గది తలుపేసుకుని ఆలోచించి కొత్త పేరు తెచ్చాడు. అట్ట తిప్పి చూపించాడు. "ఊఁ".

అంతే బావా. ఊఁ. కథ చెబుతుంటే పిల్లలు కొడతారే, ఆ ఊఁ. "ఇది మాట్లాడే రేడియో కాదు, వినే రేడియో" అన్నాడు. మా డ్రైవరు వెనకనుంచి, "మరి మాట్లాడేదెవరండీ?" అన్నాడు. 

అసలు సంగతి అక్కడే ఉంది. రాబోయే కాలంలో ఎవరూ ఫోన్ చెయ్యరట. ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళు తమ మాట రికార్డు చేసి పంపుతారు. మిషన్ వాటిని ఏరి, కోపంగా ఉన్నవి ఒక గంపలో, నవ్వుతున్నవి ఒక గంపలో వేస్తుంది. ప్రసారానికి సరిపడా ముక్కలు కోస్తుంది. నేను గంపల మధ్య కూచుని ఊఁ అనాలి. అది కూడా కొన్నాళ్ళే. తర్వాత మిషన్ నాకంటే బాగా ఊఁ అంటుందని ఆయన ధైర్యం చెప్పాడు.

ఇంకో విషయం. మా స్టేషన్ అనగానే గుర్తొచ్చేదేమిటని ఊళ్ళ వెంట తిరిగి జనాన్ని అడిగించాడు. నా పేరు రాలేదు. స్టేషన్ పేరే చాలామందికి రాలేదు. "ఎవరైనా ఉన్నారా అంటూ వస్తుందే, ఆ నాలుగో అంతస్తు ఆవిడ" అన్నారు. ఆవిణ్ణి పట్టుకురమ్మని నా మీద పడ్డాడు. గోడల మీద బొమ్మ ఆవిడదే, గంట గంటకీ మోగే గొంతు ఆవిడదే అంటున్నాడు. పట్టుకొస్తే నా కుర్చీ ఉంటుందని, లేకపోతే ఆలోచించాలని నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. కాస్త ఎక్కువ నవ్వానేమో.

నువ్వడిగిన ప్రశ్న గుర్తు లేదు బావా. రోజూ ఇన్ని ఫోన్లు. ఏదో మామూలు ప్రశ్నే అయ్యుంటుంది. వేళకి తిను.

నీ వసపిట్ట


ఇల్లు, నాలుగో అంతస్తు

వసపిట్టా,

నిన్న మీ అక్క ఫోన్ చేసింది. నాకు కాదు, నీకు.

సెలూన్‌లో ఉన్నాను. ఒక చెంప అయింది. రెండో చెంప మీద సబ్బుంది. "ఎవరైనా ఉన్నారా?" అని వినిపించింది. అద్దంలో తలుపు వైపు చూశాను. తర్వాత అలమర మీద రేడియో వైపు చూశాను. "ఉన్నాం మేడమ్, మీ కోసమే ఉన్నాం" అని నువ్వన్నావు. బస్టాపుకి కొత్తగా వేసిన రంగు మీద మీ అభిప్రాయమేమిటని అడిగావు. ఆ రంగు వేసింది పోయిన వారం. ఆవిడ, బస్సులు ఆగని చోట బస్టాపు ఎందుకని నిన్ను నిలదీసింది.

ఆ మాటలు ఆవిడ ఏ రోజున అందో నాకు గుర్తుంది. పాలు పొంగిపోయాయి. ఫోన్లో నిన్ను కడుగుతూనే చేత్తో నాకు పొయ్యి చూపించింది. నేను తుడిచాను. అప్పటికి ఆ బస్టాపుకి ఏ రంగూ లేదు.

సెలూన్ ఆయన కత్తి ఆపి వింటున్నాడు.

"ఈవిడ నోరు చూశారా సార్?"

"చూశాను."

"ఇన్నాళ్ళూ వినబడలేదు. పోయిందేమో అనుకున్నాం. గట్టి పిండం."

"అవును."

"ఈవిడ మొగుడెవరో గాని పాపం. ఇంట్లో నోరెత్తుతాడంటారా?"

"ఎత్తడు. రేడియో ఆపుతాడు."

ఆయన కాసేపు నన్ను చూసి, ఈసారి తలకి కూడా నూనె పెట్టమంటారా అన్నాడు. సబ్బు ఆరిపోయింది. మళ్ళీ రాశాడు.

నీకు కృతజ్ఞుణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి రెండు సగాలూ కలిపి విన్నాను. ఆవిడ సగం పాతది, నీ సగం కొత్తది, రెంటికీ అతుకు కనబడలేదు. ఇంత పనితనం ఉన్నవాడికి, సొంత అక్కని ఆఖరిసారి ఏమడిగావో గుర్తు లేకపోవడం వింతగా ఉంది.

ప్రశ్న అలాగే ఉంది.

నీ బావ


స్టేషన్, గాజు గది

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. తర్వాత మీటింగుకి వెళ్ళాను. మా వృత్తిలో రెండూ ఒకే పూటలో కుదురుతాయి.

మీరు విన్నదాన్ని మేం "నిలవ కాల్" అంటాం. వానకి లైన్లు పడిపోయిన రోజున, ఎవరూ ఫోన్ చెయ్యని రోజున పాత మాట ఒకటి తీసి, దానికి సరిపోయేలా కొత్త ప్రశ్న అడుగుతాం. అన్నిచోట్లా చేసేదే. అందరివీ పనికిరావు. తేదీలు, పేర్లు దొర్లుతాయి. అక్కవి మాత్రం ఏళ్ళు గడిచినా పనికొస్తాయి. ఆవిడ అడిగినవేవీ ఈ దేశంలో ఇంకా పూర్తి కాలేదు గనక.

అక్క పోయాక శ్రోతలు రోజూ అడిగేవాళ్ళు. ఆవిడ ఏరి, ఆవిడకి ఒంట్లో బాగాలేదా, మీరేమైనా అన్నారా అని. ఒకాయన నన్ను రాజీనామా చెయ్యమన్నాడు. ఒకరోజు తట్టుకోలేక ఒక నిలవ కాల్ వేశాను. లైన్లన్నీ వెలిగిపోయాయి. బ్రాండాయన గాజు మీద కొట్టి బొటనవేలు పైకెత్తి చూపించాడు. మర్నాడు మానలేకపోయాను. నేనడుగుతుంటే అక్క జవాబు చెబుతోంది బావగారూ. మీరు నా కుర్చీలో ఉంటే ఆపేవారా? ఆపేవారు. మీరు వేరు.

దీంతోపాటు ఒక కాయితం పంపుతున్నాను. శ్రోత గాని, వారి తరఫువారు గాని గొంతు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం. ఆవిడకి మొహమాటం ఎక్కువ, ఇంట్లోవాళ్ళు పెడతారని బ్రాండాయనకి చెప్పాను. అక్కకి మొహమాటం అని చెప్పినందుకు నన్ను క్షమించండి. మీరు సంతకం పెడితే ఊరూరా ఆవిడ గొంతు గంటకోసారి వినిపిస్తుంది. నా కుర్చీ సంగతి సరే, ఆవిడ ఉన్నట్టుంటుంది కదా.

మీ ప్రశ్న కూడా గుర్తొచ్చింది. "మేడమ్, మీవారంటే మీకెంత ఇష్టమో ఆయనకెప్పుడైనా చెప్పారా?" అన్నాను. దానికి ఆవిడ "ఆయనకి తెలుసు" అంది.

ఇట్లు,
మీ విధేయుడు


ఆఫీసు, నీళ్ళ విభాగం

విధేయుడా,

ఆ ప్రశ్న నువ్వు అడిగి ఉంటే మీ అక్క "నీళ్ళ సంగతి మాట్లాడండి" అని ఉండేది. మా ఇంట్లో ఇష్టం అనే మాట కూరగాయలు కొనేటప్పుడు తప్ప వాడలేదు. అబద్ధం రాయదలిస్తే ఈసారి కాస్త ఆవిడ కొలతకి కుట్టు.

నీ నిలవ కాల్ ఫలితం ఒకటి చెబుతాను. నువ్వు వేసిన ఇంకో కాల్‌లో ఆవిడ మా ఆఫీసుని ఏకేసిందట. పైఅధికారి నాకు నోట్ పంపాడు. సదరు శ్రోత రేడియోలో చేసిన ఆరోపణకు తక్షణం వివరణ రాయమని. మామూలే. ఇన్నేళ్ళూ ఆవిడ ఆరోపణలకి వివరణలు రాసింది నేనే, అవి నీ ప్రోగ్రాంలో చదివింది నువ్వే. నీకు తెలియనిది ఒకటుంది. అవి దిద్దింది ఆవిడే. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. "చర్యలు తీసుకోబడుచున్నవి" అని రాస్తే, "ఎవరు తీసుకుంటున్నారు? పేరు రాయండి" అనేది. పేరు రాస్తే నా ఉద్యోగం పోతుందంటే, "అయితే చర్యలు లేవని రాయండి, అదైనా నిజం" అనేది. చివరికి ఇద్దరం రాజీపడి ఏదో ఒకటి రాసేవాళ్ళం. మర్నాడు పొద్దున నువ్వు చదివితే, తను దిద్దిన వివరణ మీదే మళ్ళీ విరుచుకుపడేది.

ఈసారి దిద్దేవాళ్ళు లేరు. రెండు వాక్యాలు రాశాను. "శ్రోత లేవనెత్తిన అంశం వాస్తవమే. శ్రోత మాత్రం లేరు." పైఅధికారి రెండోది కొట్టేసి సంతకం పెట్టాడు.

ఆవిడ ఉన్నట్టుంటుంది అన్నావు. ఆవిడ ఉన్నట్టుండటం నాకు అక్కర్లేదు. ఆ మాత్రం ఈ ఇంట్లో గిన్నెలు కూడా చేస్తున్నాయి.

కాయితం నా దగ్గరుంది. నువ్వేమడిగావో నిజం రాసిన రోజున దాని సంగతి ఆలోచిస్తాను. బేరం అనుకో. మీ బ్రాండాయనకి అర్థమవుతుంది.

నీ బావ


నా గది

బావా,

నేనేమీ అడగలేదు.

ఆ రోజు అక్క ఫోన్ నేను ఎత్తలేదు. బ్రాండాయన కొత్త పద్ధతి మొదటిసారి పరీక్ష చేస్తున్నాడు. ఫోన్ చేసినవాళ్ళని లైన్లో ఉంచి, స్టేషన్ కొత్త పాట వినిపించాలి. గుంపుగా ఊఁ ఊఁ అంటుంటారు, మాటలుండవు. ఎంతసేపు ఓపిక పడతారో చూడాలన్నాడు. మూడో లైను దీపం వెలుగుతోంది. నంబరు చూశాను. అక్కే కదా, ఆగుతుంది, లేకపోతే రేపు చేస్తుంది అనుకున్నాను. కాసేపటికి దీపం ఆరిపోయింది. సాయంత్రం నువ్వు పక్కింటివాళ్ళ చేత కబురు చేయించావు.

మర్నాడు వచ్చినప్పుడు నీతో చెప్పాలనుకున్నాను. నువ్వు గడియారం చూస్తున్నావు. తర్వాత నీ మొదటి ఉత్తరం వచ్చింది. అందులో ఆవిడ నవ్విందని, నేనేదో అన్నానని, ఫ్రిజ్ అందని చదివాను. నాకేమీ అర్థం కాలేదు. నేను ఎత్తని ఫోన్లో అక్క ఎవరితో మాట్లాడింది? నువ్వు దుఃఖంలో కల్పించి రాస్తున్నావనుకున్నాను. ఇలా రాసినందుకు తిట్టు.

పోయిన వారం తెలిసింది. లైన్లో ఆగినవాళ్ళ మాట కూడా మిషన్‌లో రికార్డవుతుందట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. బ్రాండాయన మనుషులు అక్క కాల్స్ అన్నీ ఏరుతూ దాన్ని పట్టుకున్నారు. మీటింగులో పెట్టి వినిపించారు. ఊఁ ఊఁ అని పాట. దాని మీద అక్క. నువ్వు రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా. "ఎవరైనా ఉన్నారా?" అంది. పాట. "ఉన్నారన్నమాట, సంతోషం." నేను ప్రశ్న అడిగేంతసేపు ఆగుతోంది, తర్వాత జవాబు చెబుతోంది. నేను జోకు వేసేంతసేపు ఆగి నవ్వుతోంది. నా వేగం నాకంటే ఆవిడకే బాగా తెలుసు. పాట ఆగలేదు, ఆవిడా ఆగలేదు. "ఆయనకి తెలుసు" అనేముందు ఎవరూ ఏమీ అడగలేదు బావా. అక్కడ ఎవరూ లేరు.

తమ్ముడు ఎత్తలేదని నీకు తెలియకూడదనుకుంది. అంతకంటే వేరే కారణం నాకు కనబడటం లేదు.

నేను లేచి, ఆవిడ మా అక్క, చనిపోయింది, అదే ఆఖరి రోజు అని చెప్పేశాను. అందరూ తలలు దించుకున్నారు. బ్రాండాయన దించుకోలేదు. కాసేపాగి, "చాలా విచారం" అన్నాడు. ఇంకాసేపాగి, "కథ ఇంకా బలపడింది" అన్నాడు. మొదటిరోజు ప్రసారం కావాల్సింది ఈ రికార్డేనట. ఆవిడ గొంతూ స్టేషన్ పాటా కలిసే ఉన్నాయి, మనం కలపక్కర్లేదు అన్నాడు. మా వార్తలావిడ బయటికి వెళ్ళిపోయింది. నేను కూచునే ఉన్నాను. నా గురించి నీకు ఉన్న అభిప్రాయంలో మార్పులేవైనా ఉంటే ఇక్కడ చేసుకో.

నీ సంతకం లేకుండా ఆ రికార్డు వాడలేరు. పెట్టమని అడగను. పెట్టొద్దని చెప్పే ధైర్యం కూడా లేదు. ఈ పని తప్ప ఇంకోటి రాదు నాకు. శుక్రవారం పొద్దున ఆఖరి లైవ్. ఆ తర్వాత ఫోన్లు ఉండవు, అంతా ఊఁ.

వసపిట్ట అని పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

నీ బావమరిది


ఇల్లు, నాలుగో అంతస్తు

వసపిట్టా,

ఉత్తరం ఈ రోజే అందింది. గురువారం. మీ రేడియో కంటే తపాలా నెమ్మదిగా నడుస్తుంది గాని, మధ్యలో పాట వెయ్యదు.

ముందు నీ కుర్చీ. పోతే పోనీ. ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. మాట్లాడేవాళ్ళు లేరు. నువ్వు మాట్లాడు. ఊఁ కొట్టడానికి నేనున్నాను, నాకు అనుభవం ఉంది. మీ బ్రాండాయన అంతగా వెతుకుతున్న వినే రేడియో ఈ ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తోందని చెప్పు.

కాయితం తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు. అక్కడక్కడా దిద్దాను. "శ్రోత సమ్మతి తెలియజేయబడినది" అని ఉంది. ఎవరు తెలియజేశారో పేరు రాయమను.

నువ్వు ఎత్తనందుకు నిన్ను ఏమీ అనను. అనడానికి ఇంట్లో వేరే మనిషి ఉండేది, ఆవిడే నీ గుట్టు దాచింది. దాచడానికి అంత కష్టపడిందంటే నేను బయటపెట్టి కోప్పడటం బాగుండదు.

రెండు రోజులు ఆలోచించి రాయాలనుకున్నాను. కుదరదు కాబట్టి ఒక్కపూట ఆలోచించాను. ఆసుపత్రి గది మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. నువ్వు లైన్లో లేవు. పక్క మంచం ఆయన రేడియో నేనే ఆపించాను. నర్సు అప్పటికి వెళ్ళిపోయింది. అంటే ఆ ప్రోగ్రాంకి శ్రోతని నేనొక్కణ్ణే. నీళ్ళ రంగు జోకు నా కోసం. ఫ్రిజ్ నా కోసం. నాకు అర్థం కావడానికి ఇన్ని ఉత్తరాలు పట్టింది. మీ అక్క విని ఉంటే మా ఆఫీసులో ఫైలు కదిలే వేగం ఇదేనని అనేది.

"ఆయనకి తెలుసు" అన్నది ఏ ప్రశ్నకి జవాబో నాకిప్పటికీ తెలియదు. ఎవరూ అడగలేదు గనక ఇక తెలియదు. తెలుసని ఆవిడే చెప్పింది. ఆవిడ చెప్పినదాన్ని నేనెప్పుడూ వివరణ రాసేటప్పుడు తప్ప కాదనలేదు. కాబట్టి నాకు తెలుసు.

ఆ రికార్డుకి ఒక నకలు నాకు పంపకు. నేను విన్నాను, పాట అడ్డం లేకుండా.

ఒక్కటి మాత్రం మిగిలింది. సెలూన్ ఆయన దగ్గర్నుంచి మా పైఅధికారి దాకా అందరూ ఆవిడ ఉందనుకుంటున్నారు. ఎల్లుండి నుంచి మీ స్టేషన్లో చనిపోయినవాళ్ళకి తప్ప ఎవరికీ ఫోన్ కలవదు. అంతకుముందే ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వు చెప్పలేవు, ప్రకటన వేస్తావు. నేను మా ఇంటినుంచి వివరణ ఇస్తాను.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది. అయినా రాసిపెడుతున్నాను, ఫోన్లో నాకు మాట తడబడితే నేనేం చెప్పాలనుకున్నానో నీకైనా తెలియాలి.

రేపు పొద్దున జుట్టు దువ్వుకుంటాను. నీ ప్రోగ్రాం మొదలవగానే రేడియో ఆపేస్తాను. నీ నంబరు గోడ మీద ఆవిడ రాతలో ఉంది, చూసి కలుపుతాను. ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. నాలుగో అంతస్తు ఆవిడ పోయిందని, ఆవిడ నీ తోడబుట్టిందని, ఆవిడ తిట్టిన ఆఫీసులో ఆ వివరణలు రాసింది నేనేనని నా పేరు పెట్టి చెబుతాను. మూడో సందుకి నీళ్ళు ఇంకా రావడం లేదని, చర్యలేవీ లేవని కూడా చెబుతాను. నువ్వు ఎత్తితే నీతో మాట్లాడతాను. ఎత్తకపోతే ఆ పాట వినిపిస్తున్నంతసేపూ, మధ్య మధ్య నీ ప్రశ్నలకి సరిపడా ఆగుతూ, ఇదంతా పాటకే చెబుతాను.

నీ బావ